ఎడమచేతి ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గాడిదలు ఎన్ని అని ఎవరైనా అడిగితే లెక్క చెప్పడం కష్టంగా ఉండేది. కొట్టంలో నాలుగు కాళ్ళది ఒకటి ఉండేది. దాని విషయంలో ఎవరికీ అనుమానం లేదు. రెండు కాళ్ళది ఇంకొకటి ఇంట్లో తిరుగుతూ, రోజుకు నాలుగైదుసార్లు మా అవ్వ చేత అదే పేరుతో పిలిపించుకునేది. పాలు పొంగిపోయినా, చెంబు జారిపోయినా, చెప్పిన పని మరిచిపోయినా ఆ బిరుదు నాకే. పొద్దున్నే అవ్వ "ఏమే గాడిదా" అని కేక వేస్తే కొట్టంలోది చెవులు నిక్కించేది, వంటింట్లో నేను తల వంచుకునేదాన్ని. పిలిచింది తననే అని ఇద్దరికీ నమ్మకం.

మా ఇల్లు సేత్తూరు దాటాక రోడ్డు పక్కనే ఉండేది. తోట మాత్రం వాగు అవతల, కొండల వైపు. తోట అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బావి, ముప్పై చిల్లర కొబ్బరిచెట్లు, కాసిని మామిడిచెట్లు, రెండు మడుల వరి. ఒక మనిషి నడిచేటంత గట్టు మీదుగా పోవాలి కాబట్టి బండి పోదు. ఎరువంతా తల మీద మోయాల్సిందే. మా తాతయ్యకు నడుము పట్టుకున్న ఏడు, ఊళ్ళో బట్టలుతికే పెద్దాయన దగ్గర ఒక ఆడగాడిదను కొని తోలుకొచ్చాడు. పోయేటప్పుడు ఎరువు గంపలు, వచ్చేటప్పుడు కొబ్బరికాయలు. అది నోరెత్తకుండా మోసేది.

నోరెత్తినవాళ్ళు మా చుట్టాలు. రాజపాళయంలో మిల్లులూ మేడలూ ఉన్నవాళ్ళు. నాయకరాజుల కాలంలో కత్తులు పట్టుకుని తెలుగుసీమ నుంచి ఈ తమిళసీమకు వచ్చినవాళ్ళమని చెప్పుకునే మనుషులం మేం. ఆవుల్ని ఉంచుకోవచ్చు, ఎద్దుల్ని ఉంచుకోవచ్చు, వేటకుక్కను ఉంచుకుంటే మరీ గొప్ప. గాడిదను మాత్రం అంతవరకూ మా వంశంలో ఎవరూ ఉంచుకోలేదు, నన్ను మినహాయిస్తే.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఎండాకాలంలో మాకు తమ్ముడు పుట్టాడు. నా తర్వాత పుట్టిన ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. వీడూ చారెడంత ఉన్నాడు. ఏడిస్తే పక్క గదిలోకి వినబడేది కాదు. అమ్మకు పాలు సరిగా పడలేదు. అవ్వ మొహంలో ఆ రోజుల్లో నవ్వన్నది చూడలేదు. రోజుకొక సంగు గాడిదపాలు పోస్తే బిడ్డకు బలమూ గొంతూ రెండూ వస్తాయని ఆ పక్కన అందరి నమ్మకం. సంగు అంటే పసిపిల్లల నోట్లో పాలు పోసే, ముక్కున్న చిన్న గిన్నె. కొట్టంలో గాడిద నిండుచూలుతో ఉంది. అంతవరకూ దాని వైపు చూడడానికే ఇష్టపడని అవ్వ దానికి తవుడు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. ఆ ప్రేమ గాడిద మీదా కాదు, పుట్టబోయే పిల్ల మీదా కాదు. ఆ పిల్ల పేరు చెప్పుకుని వచ్చే పాల మీద.

తమ్ముడు పుట్టిన వారానికి గాడిద ఈనింది. చెవులు ముందు పుట్టి, వాటికి తగిన గాడిదను తర్వాత తీరిగ్గా తయారుచేసినట్టు ఉంది పిల్ల. బూడిదరంగు బొచ్చు, తెల్లటి మూతి, ఏ కాలు తనదో తెలియని నడక. అవ్వ దానికి అచ్చం ఆవుదూడకు చేసే మర్యాదలన్నీ చేసింది. ముక్కు తుడిచి ఊదింది, నుదుట పసుపు రాసింది, కాలికి నల్లతాడు కట్టింది, కొట్టం గుమ్మానికి వేపమండలు కట్టించింది. ఎక్కువ తాగితే పారుకుంటుందని ముర్రుపాలు సగం పిండి పారబోసింది. తర్వాత తల్లికి అందనంత దూరంలో ఒక గుంజ పాతించి, పిల్లకు పలుపు వేయించింది. దూడను కట్టేసినట్టే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాగడానికి వదలాలి. మిగిలిన పాలు తమ్ముడికి.

గాడిదను అమ్మిన పెద్దాయన పిల్లను చూడడానికి వచ్చి, ఆ గుంజను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, ఇది కళుదైకుట్టి, గాడిదపిల్ల. దీన్ని తల్లి కాడే వదిలిపెట్టండి. అది సుమ్మా సుమ్మా, గడియకొకసారి పోయి రెండేసి గుక్కలు తాగతా ఉంటాది. కట్టినారంటే తాళదు."

"నలభై ఏండ్లుగా ఎన్ని దూడల్ని లేపినానో తెలుసునా అప్పా నీకు? నాకు పాఠం చెప్పేదానికి వచ్చినావే!"

"ఆమా, దూడల్ని లేపినారు, నిజమే. ఇది దూడ కాదే అమ్మా."

"నాలుగు కాళ్ళు ఉండాది, పాలు తాగతాది. ఇంకేమి కావల?"

తాతయ్య ఇద్దరి మధ్యా నిలబడి, మధ్యాహ్నం కూడా ఒకసారి వదలాలని తీర్పు చెప్పాడు. ఆ తీర్పూ చాలదని ఆయనకు తెలియదు. మేం ఆవుల మనుషులం. ఆవుకు ఏది సరిపోతే లోకంలో పాలు తాగే ప్రతిదానికీ అదే సరిపోతుందనుకునేవాళ్ళం. పెద్దాయన ఇంకేదో చెప్పబోయి, లోపల తమ్ముడి సన్నటి ఏడుపు వినబడేసరికి తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వదిలే పని నాకు అప్పగించారు. పన్నెండు గంటల బస్సు మా ఇంటి మలుపులో హారన్ కొట్టగానే నేను పోయి పలుపు విప్పాలి. పిల్ల తాగాక మళ్ళీ కట్టాలి. బడికి, మా మాటలో పళ్ళికూటానికి, లీవు కాబట్టి నాకు వేరే పనీ లేదు. పొద్దునపూట కట్టేది తాతయ్య. ఆయనది ఎడమచేతివాటం. ఆయన వేసిన ముడి కొస ఎప్పుడూ ఎడమవైపుకు వేలాడేది. మేమెవరం వేసినా కుడివైపుకు వేలాడేది. ఇంట్లో ఏ మూట చూసినా ఎవరు కట్టారో చెప్పేయవచ్చు. ఈ సంగతి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పనికొచ్చే సమయంలో మాత్రం గుర్తు రాలేదు. బిరుదులు ఊరికే రావు.

మొదటి మూడు రోజులూ నేను బుద్ధిగానే వదిలాను. నాలుగో రోజు రాజపాళయం నుంచి మా అత్తా, ఆమె కూతుళ్ళిద్దరూ బిడ్డను చూడడానికి వచ్చారు. ఇద్దరూ నాకంటే పెద్దవాళ్ళు, జడలకు రిబ్బన్లు, కాళ్ళకు బూట్లు. బస్సు దిగిన దుమ్మైనా దులుపుకోకముందే పెద్దది కొట్టంలోకి తొంగిచూసింది.

"అడియే, మీ తమ్ముడు పుట్టినాడని వస్తిమి. ఇతనేనా?"

"చెవులు చూస్తే తెలీలేదా అక్కా? అంతా వీళ్ళ పోలికే," అంది చిన్నది.

తర్వాత మామిడిచెట్టు కింద ఆట. నేను గాడిదను. ఆ పాత్రకు ఇంకెవరినీ వెతకాల్సిన పని లేదు కదా. మెడకు తాడు కట్టారు. చెవుల మీద మామిడాకులు గుచ్చారు. పెద్దది వీపు మీద ఎక్కింది, చిన్నది పుల్లతో అదిలించింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. అరుగు మీద కూర్చుని అత్త నవ్వింది. అదీ ఓర్చుకున్నాను. ఎన్నో రోజులుగా నవ్వని మా అవ్వ కూడా నవ్వింది. అది ఓర్చుకోలేకపోయాను.

బస్సు హారన్ కొట్టింది. మెడలో తాడు తీసేసి కొట్టంలోకి పోయాను. నన్ను చూడగానే గాడిదపిల్ల పలుపు సాగేదాకా ఎదురొచ్చి ఒక కూత పెట్టింది. దాని కూత అప్పటికింకా కుదరలేదు, ఈల వేయబోతే ఎక్కిళ్ళు వచ్చినట్టు ఉండేది. చెట్టు కింద నుంచి పకపకా నవ్వులు.

"పోవే పో, నీ కూడబుట్టినాడు పిలస్తా ఉండాడు!"

ముడి మీద చేయి వేసి ఉన్నాను. తీసేశాను. పిల్ల నా పావడా అంచు నోట్లోకి తీసుకుని చప్పరించింది. దాని తెల్లటి మూతి మీద ఒక దెబ్బ కొట్టాను. కొట్టాల్సినవాళ్ళు నాకంటే పెద్దవాళ్ళు, వాళ్ళ చేతిలో పుల్ల ఉంది. దీని చేతిలో ఏమీ లేదు. అవతల గుంజ దగ్గర తల్లి అటూ ఇటూ తిరుగుతూ నేల తవ్వుతోంది. నేను బయటికి వచ్చి, వాళ్ళతో కూర్చుని మామిడిపండు తిన్నాను.

"తాగినాదా?" అని అవ్వ అడిగింది.

"తాగినాది," అన్నాను. బస్సు హారన్ అంత గట్టిగా అన్నాను.

రెండో రోజు కూడా పోలేదు. మొదటి రోజు అవమానం వల్ల. రెండో రోజు, నిన్న ఏమీ కాలేదు కదా అని. మూడో రోజు ఎందుకు పోలేదో ఎంత వెతికినా కారణం దొరకదు. హారన్ విన్నాను. నోట్లో టెంక ఉంది. చప్పరిస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నన్ను భయపెట్టే రోజు ఏదంటే ఆ మూడో రోజే. కోపంతో చేసిన తప్పును ఎలాగో అర్థం చేసుకోవచ్చు. నాకు ఆ రోజు కోపం కూడా లేదు.

ఆ సాయంత్రం బస్సుకు అత్తావాళ్ళు వెళ్ళిపోయారు. రోజూ సాయంత్రం పిల్లను వదిలేది అవ్వ. ఆ రోజు అది లేవకపోయేసరికి తాతయ్యను కేక వేసింది. ఆయన వచ్చి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆయన చేయి పలుపు మీదకు పోయి, ముడి దగ్గర ఆగింది. కొస ఎడమవైపుకు ఉంది. పొద్దున తను వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. పాలు పిండి తెమ్మని అవ్వను చెంబుతో తల్లి దగ్గరికి పంపించాడు. నన్ను రమ్మన్నాడు.

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా చేయి పట్టుకుని రెండు వేళ్ళు గాడిదపిల్ల నోట్లో పెట్టాడు. లోపల చల్లగా, పొడిగా ఉంది. మొన్నటిదాకా నా వేలు దొరికితే గుంజి చప్పరించిన నాలుక, మట్టి తగిలినట్టు తగిలింది.

"చూడు. పాలు తాగే నోరు ఇట్లా ఉండకూడదు," అన్నాడు.

గుడ్డ తడిపి పాలు పిండితే పెదవి చివర నుంచి కారిపోయాయి. దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాలూ చొల్లూ నా పావడా మీద చారలు కట్టాయి. పొద్దు కొండల వెనక్కి దిగేసరికి చెవులు ఒకసారి కదిలాయి. అంతే. దాని నుదుట అవ్వ రాసిన పసుపు ఇంకా పోలేదు.

అవ్వ చెంబు కింద పెట్టి, "పుట్టుకే సరిలేదు దీనిది," అంది. లోపల తమ్ముడు ఏడిస్తే వెళ్ళిపోయింది. అప్పుడు తాతయ్య, నాకు మాత్రం వినబడేలా అన్నాడు.

"మీ అవ్వ తెలీక చేసినాది. నువ్వు తెలిసి చేసినావు. నేను ఎవురికీ చెప్పను. నువ్వే మోసుకో."

నడుము పట్టుకుని లేచి, గుమ్మం దాకా పోయి ఆగాడు. "పో తాయీ. దాని తల్లికి నువ్వే పోయి చెప్పు."

తాయీ అని ముద్దుగా పిలుస్తూనే ఆ మాట అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే కఠినమైన శిక్ష ఎవరూ వేయలేరనుకుంటాను. వెళ్ళి గాడిద ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? అది నన్ను చూడలేదు. నా భుజం మీదుగా గుంజ వైపు చూస్తూ నిలబడింది. దాని పొదుగు నుంచి పాలు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి.

మా అవ్వకు మాత్రం ఏడవడానికి తీరిక లేదు. పిల్ల లేకపోతే తల్లి పాలు చేపదు, పొదుగులో పాలున్నా కిందికి వదలదు. పాలు లేకపోతే తమ్ముడు ఏమవుతాడో ఆమెకు రెండుసార్లు అనుభవమే. దూడ చచ్చిన ఆవుల దగ్గర ఆమెకు తెలిసిన ఉపాయం ఒకటుంది. దూడ తోలు తీయించి, గడ్డి కుక్కి, కుట్టి, తల్లి ముందు నిలబెట్టడం. ఆవు దాన్ని నాకుతూ పాలు వదిలేస్తుంది. అలా మూడు ఆవుల్ని నమ్మించానని ఆమె గర్వంగా చెప్పుకునేది. తెల్లారేసరికి మనిషిని పిలిపించి గాడిదపిల్లకూ అదే చేయించింది. చెవులు నిలవక రెండు వెదురుపుల్లలు గుచ్చారు.

నన్ను పట్టుకుని నిలబడమన్నారు. గడ్డి దిగిన ఆ పొట్టను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. నిన్నటి పావడాతోనే ఉన్నాను. ఎవరూ మార్చమనలేదు, నాకూ తోచలేదు. గాడిద మూతి చాచి చెవి నుంచి తోక దాకా ఒక్కసారి వాసన చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది. అవ్వ పొదుగు నిమిరింది, బతిమాలింది, తిట్టింది. చుక్క రాలేదు. తెలివితక్కువదాన్ని తిట్టాలంటే మేమంతా ఆ జంతువు పేరే వాడతాం. ఆ ఉదయం కొట్టంలో ఉన్నవాళ్ళలో మోసపోనిది అది ఒక్కటే.

అది మెల్లగా మెడ చాచి నా దగ్గరికి వచ్చింది. నా పావడా మీద ఎండిపోయిన చారల్ని వాసన చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. తర్వాత నా అరచేయి నాకింది. నిన్న దాని పిల్ల నోట్లో పెట్టిన చేయి. నాకుతూనే ఉంది. వెనకనుంచి చెంబులో సర్రుమని పాలు పడ్డ చప్పుడు.

"చేపినాది! చేపినాది!" అవ్వ పిండుతూనే కేక వేసింది. "కదలొద్దే! అట్లే నిలుచుకో! నిన్నే పిల్ల అనుకొన్నాది!"

కదల్లేదు. తాతయ్య కొట్టం గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి దాదాపు రెండు నెలలు ప్రతి ఉదయం నేను ఆ పావడా కట్టుకుని గాడిద ముందు నిలబడేదాన్ని. దాన్ని ఉతకకూడదని అవ్వ ఆజ్ఞ. నేను నిలబడితేనే పాలు. అన్నాళ్ళూ అవ్వ పిలిచిన పేరు, అత్త కూతుళ్ళు ఆడించిన ఆట, చివరికి నా ఉద్యోగమైంది. తోలుబొమ్మను గోడకు ఆనించి వదిలేశారు. బట్టలుతికే పెద్దాయన ఒకరోజు వచ్చి దాన్ని చూశాడు, గుంజను చూశాడు. "మూడు తడవలు ఆవుకు చాలును అమ్మా," అన్నాడు. అవ్వ వినబడనట్టు తవుడు కలుపుతూ ఉండిపోయింది. తమ్ముడి బుగ్గలు మాత్రం రోజురోజుకూ నిండుతూ వచ్చాయి.

పాలు ఆగిపోయాక కూడా గాడిద నన్ను వదల్లేదు. వీలు దొరికితే పళ్ళికూటం గేటు దాకా నా వెనకే వచ్చేది. "మీ అమ్మ వచ్చినాదే," అని పిల్లలు అరిచేవాళ్ళు. అంతకుముందైతే ఇంటికి పోయి ఎవరినో ఒకరిని కొట్టేదాన్ని. అప్పుడు మాత్రం చేయి చాపేదాన్ని. అది నాకి వెళ్ళిపోయేది.

అవ్వ పోయేదాకా ఆ పిల్ల పుట్టుకలోనే బలహీనమైనదని నమ్మింది. తాతయ్య మాట తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల మోతలో కూడా వాడి కేక ఆ చివరిదాకా వినబడేదట. పెళ్ళిళ్ళలో వాడు ఎవరినైనా పిలిస్తే పందిరంతా తిరిగి చూస్తుంది. గాడిదపాలు తాగిన గొంతు అని అందరూ నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. అవి ఎవరి వంతు పాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ నవ్వుతాను.

ఇప్పుడు నా ఫోను ప్రతిరోజూ పన్నెండు గంటలకు మోగుతుంది. మనవరాలిచేత పెట్టించాను. షుగరు మాత్ర కోసమని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఆ మాత్ర పొద్దున టిఫిను ముందు వేసుకునేది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ గమనించలేదు. మోగగానే చేతిలో పని వదిలేసి పెరటి తలుపు తీస్తాను. గచ్చు మీద ఎండ ఉంటుంది, తీగ మీద బట్టలు ఉంటాయి. అక్కడ కట్టేసినది ఏదీ లేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకసారి చూసుకుని, తలుపు మూసి వచ్చి, అప్పుడు నా కంచం ముందు కూర్చుంటాను.